హెర్రింగ్ సీసాలోని తొలి చమురు

ఎగర్సుండ్
2022 జనవరి 9, ఆదివారం

గీడాకు,

తేదీ పైన వేశాను. నీ ఉత్తరాల మీద తేదీ ఉండదు, "బుధవారం, వాన" అని ఉంటుంది. ఈ తీరంలో ప్రతి బుధవారమూ వానే. దాన్ని తేదీ అనరు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, శుక్రవారం మీ కంపెనీ నుంచి నాకొక పొట్లం వచ్చింది. అందులో మూడు ఉన్నాయి. తొలి చమురు దొరికి యాభయ్యేళ్లయిన సందర్భంగా జూన్‌లో జరిపే ఉత్సవానికి ఆహ్వానం. "తొలినాటి ఉద్యోగుల్లో మిగిలిన ఏకైక వ్యక్తి"గా నాలుగు నిమిషాలు మాట్లాడమని విన్నపం. మిగిలిన వస్తువు అనలేదు, సంతోషం. మూడోది అచ్చుకు వెళ్లబోతున్న కంపెనీ చరిత్ర. తప్పులుంటే చెప్పమన్నారు. పుస్తకమంతా ఒకసారి తిరగేశాను, నలభయ్యో పేజీ దాకా దిద్దాను. అరవై ఒక్క తప్పులున్నాయి.

మచ్చుకు కొన్ని. మూడో పేజీలో "ముగ్గురు దార్శనికులు సముద్రం వైపు చూస్తూ భవిష్యత్తును దర్శించారు" అని ఉంది. నేను ఆ గదిలో టైపు మిషను ముందు కూర్చున్నదాన్ని. మా ఆఫీసు సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీ పై అంతస్తులో ఉండేది. కిటికీ సందుల్లోంచి చలిగాలి కొడుతుందని ముగ్గురూ సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవారు. ఒకరు డైరెక్టరు తాలక్ రీస్‌డాల్ గారు, ఫ్యాక్టరీ ఆయనదే, డబ్బాలు అమ్ముడుపోవడం లేదు. ఇంకొకరికి ఖాళీగా తుప్పు పడుతున్న ఓడ ఉంది. మూడో ఆయనకి ఓస్లోలో బావమరిది ఉన్నాడు. చమురు కంపెనీ పెట్టడానికి ఆ రోజుల్లో ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

తొమ్మిదో పేజీలో "సముద్రంతో పోరాడిన డ్రిల్లింగ్ ఇంజనీరు" అని ఫోటో వేశారు. ఆయన మా వంటవాడు స్వెర్రె. గరిటెతో తప్ప దేనితోనూ పోరాడలేదు.

కంపెనీ పేర్లు మాత్రం సరిగ్గా రాశారు. 1970లో స్టెయిన్‌హోల్మ్ ఆయిల్. 1984లో స్టెయిన్‌పెట్రో. 2003లో స్టెయిన్ ఎనర్జీ. 2019 నుంచి స్టెయా. పేరు పొట్టిదవుతున్నకొద్దీ పుస్తకం లావవుతోంది. నూట అరవై పేజీల్లో "చమురు" అన్న మాట పదకొండుసార్లు వచ్చింది, "విలువలు" నూట నలభై సార్లు. తెలియనివాడు చదివితే మీరు సముద్రం అడుగునుంచి విలువలు తవ్వి తీస్తున్నారనుకుంటాడు.

ఇక అట్ట. అట్ట మీద ఆ పాత తొలి చమురు సీసా బొమ్మ ఎందుకు వేశారు? ఇన్నాళ్లూ అది ఆఫీసు గుమ్మం దగ్గర అద్దాల బీరువాలో ఉండేది, ఎవరూ చూసేవారు కాదు. అక్కడే ఉండనివ్వాల్సింది. పైగా స్టెయా మే నెలలో ఆ మొదటి బావి పక్కనే మళ్లీ తవ్వుతుందని నిన్న రేడియోలో విన్నాను. పనికిరాదని 1972లోనే మూసేసిన చోట ఇప్పుడెందుకు తవ్వుతున్నారు? నువ్వు అక్కడ భూగర్భ శాస్త్రవేత్తవి గనుక నీకు తెలిసే ఉంటుంది. ఫోన్‌లో చెప్పకు. ఉత్తరం రాయి. ఫోన్‌లో చెప్పింది ఎవరి దగ్గరా మిగలదు.

అమ్మమ్మ
బోర్గ్‌హిల్డ్

*

స్టావంగర్
2022 జనవరి 17, సోమవారం (తేదీ వేశాను, చూసుకో)

అమ్మమ్మా,

అరవై ఒక్క తప్పులా! ప్రచార విభాగం వాళ్లు నీకు పొట్లం పంపే ముందు నన్నడిగి ఉంటే "వద్దు బాబోయ్" అని ఉండేదాన్ని.

అక్కడ ఎందుకు తవ్వుతున్నారని అడిగావు. నా వల్లే. నీతో ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను, నువ్వేమో ఉత్తరమంటావు.

సెప్టెంబరులో ఫోన్‌లో చెప్పాను గుర్తుందా, ఆ తొలి చమురు సీసా తెరుస్తున్నామని? "చేతి తొడుగులు వేసుకో" అన్నావు. వేసుకున్నాను. మూత మీద హెర్రింగ్ చేప బొమ్మ ఇంకా ఉంది. ఒక్క చెంచాడు తీసి ప్రయోగశాలకి పంపాను. అమ్మమ్మా, ప్రతి చమురులోనూ అది పుట్టిన రాయి పోలికలుంటాయి, పిల్లల మొహంలో అమ్మ పోలికలున్నట్టు. మన సముద్రంలో దొరికిన చమురంతా దాదాపు ఒకే తల్లి పిల్లలు. ఈ సీసాలోది ఆ కుటుంబమే కాదు! అంటే అక్కడ అడుగున ఇంకో రాయి ఉంది. ఎవరూ చూడనిది, ఇంకా పాతది, చమురు పుట్టించినది. యాభయ్యేళ్లుగా ఆ రుజువు గుమ్మం దగ్గర బీరువాలో ఉంటే అందరూ దాని ముందునుంచే కాఫీ కప్పు పట్టుకుని పోయారు.

1972 నాటి నివేదికలో మాత్రం "మామూలు రకం, స్వల్ప జాడ" అని రాశారు. ఆ రోజుల్లో యంత్రాలు అంతంత మాత్రం కదా.

మా పెద్ద బాసు యోస్టైన్ ఎగిరి గంతేశాడు. అంటే, మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని గంతేశాడు. ఇక్కడ ప్రతి మీటింగూ ఒక నిమిషం భద్రతా పాఠంతో మొదలవుతుంది, నిన్నటి పాఠం వేడి కాఫీతో మెట్లు దిగడం. పత్రికలకి "కొత్త చమురు బావి" అనకూడదట, "పరివర్తన దశలో అదనపు అవకాశం" అనాలట. నేను మాత్రం దానికి అసలు పేరు పెట్టాను. తవ్వే చోటుకి పేరు పెట్టే హక్కు కనిపెట్టినవాళ్లది. బోర్గ్‌హిల్డ్ అని పెట్టాను.

ఇది దొరికితే నన్ను అన్వేషణ విభాగానికి అధిపతిని చేస్తామన్నారు. నాకు ముప్పై మూడేళ్లు అమ్మమ్మా. ఆ గదిలో ఇంతవరకూ కూర్చున్నవాళ్లందరికీ గడ్డాలున్నాయి.

జూన్‌లో నీ నాలుగు నిమిషాలూ ఆ సీసా గురించే మాట్లాడతావా? ఆ రోజు చూసినదానివి నువ్వొక్కదానివే మిగిలావు.

నీ గీడా

*

ఎగర్సుండ్
2022 ఫిబ్రవరి 2, బుధవారం

గీడాకు,

నీ ఉత్తరం 19న అందింది. జవాబుకి రెండు వారాలు పట్టింది. నాకెప్పుడూ అన్ని రోజులు పట్టదు, అది నువ్వు గమనించే ఉంటావు.

మొదట ఆ పేరు సంగతి. బతికున్నవాళ్ల పేరు బావికి పెట్టడం నాకు నచ్చలేదు. రేపు అందులో ఏమీ దొరక్కపోతే "బోర్గ్‌హిల్డ్ ఎండిపోయింది, సిమెంటుతో మూసేశారు" అని రేడియోలో చెబుతారు. పక్కింటి ఇంగెబోర్గ్ పూలగుచ్ఛం పట్టుకుని వస్తుంది.

రెండోది. సీసా కాకుండా ఆ బావిలోని చమురు ఇంకెక్కడైనా ఉందా? ఇంకో ప్రయోగశాలలో, గోదాములో, ఎక్కడైనా? ఒకవేళ సీసాలోది చీటీ మీద రాసినది కాకపోతే ఏమవుతుంది? తవ్వకానికి ఎవరు సంతకం చేస్తారు? ఎప్పుడు? వీటికి విడివిడిగా జవాబు రాయి.

మూడోది. ఆ కాలపు యంత్రాలు అంతంత మాత్రం అన్నావు. మా యంత్రాలు బాగానే పనిచేసేవి. ఆ నివేదిక నేనే టైపు చేశాను.

చరిత్ర పుస్తకంలో డ్యూయీ ప్రూయిట్ పేరే లేదు. డ్రిల్లింగ్ తెలిసినవాడు మా అందరిలో ఆయనొక్కడే. టెక్సాస్ నుంచి తెప్పించారు. మా బ్రౌన్ చీజ్ ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇది తినేదా, కిటికీ సందులకి పెట్టేదా?" అని అడిగినవాడు. ఫ్యాక్టరీ ఆడవాళ్లు నవ్వి నవ్వి సార్డీన్లు తలకిందులుగా పేర్చారు, ఆ రోజు డబ్బాలన్నీ వెనక్కొచ్చాయి. రీస్‌డాల్ గారు సముద్రాన్ని నమ్మారు, ఓడ యజమాని రీస్‌డాల్ గారిని నమ్మాడు, డ్యూయీ ఎవరినీ నమ్మలేదు. కంపెనీ నిలబడింది ఆయన వల్ల. పుస్తకంలో నాయకత్వ శిక్షణ శిబిరాలకి పదకొండు పేజీలున్నాయి, ఆయనకి ఒక వాక్యం లేదు.

సీసా గురించి తర్వాత రాస్తాను.

అమ్మమ్మ

*

స్టావంగర్
2022 ఫిబ్రవరి 14

అమ్మమ్మా,

విడివిడిగా జవాబులు, నీ పద్ధతిలోనే.

ఇంకెక్కడా లేదు. ఆ బావి నుంచి కాస్త చమురు వచ్చి, తర్వాత నీళ్లే వచ్చాయి. పరీక్షలకి పంపినవన్నీ 1976కల్లా వాడేశారు. మిగిలింది ఆ సీసా ఒక్కటే.

అది చీటీ మీద రాసినది కాకపోతే నా సిద్ధాంతం లేదు, బావి లేదు. సంతకం నాదే, ఏప్రిల్ 29న. డ్రిల్లింగ్ నౌక మే 20న వస్తుంది.

ఇప్పుడు నా ప్రశ్న. నీకు నా మీద నమ్మకం లేదా? పదో తరగతి లెక్కల పేపరు నేను తెచ్చినప్పుడు కూడా ఇలాగే అడిగావు, "ఇది ఎవరు దిద్దారు?" అని. నేను ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను. బెర్గెన్ విశ్వవిద్యాలయంలో ఈ విషయంలో పెద్ద ప్రొఫెసరుకి చూపించాను. ఆవిడ రెండుసార్లు పరీక్ష చేసి, "నీ లెక్క సరిగ్గానే ఉందమ్మాయ్. కానీ ఈ చమురు మన సముద్రపు పిల్లలా లేదు. నెత్తిన కౌబాయ్ టోపీ ఒక్కటే తక్కువ" అంది. ఆ మాట నేను డైరెక్టర్ల సమావేశంలో చెప్పాను. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. యోస్టైన్ ఆ బొమ్మ గీయించి గోడకి పెట్టించాడు, టోపీ పెట్టుకున్న చమురు చుక్క. చొక్కాల మీద కూడా వేయిస్తున్నారు.

నువ్వేదో దాస్తున్నావు. నీకు దాచడం రాదు. నీ ఉత్తరంలో డ్యూయీ గురించి తొమ్మిది వాక్యాలున్నాయి, సీసా గురించి ప్రశ్నలు తీసేస్తే ఒకటే.

గీడా

*

ఎగర్సుండ్
2022 ఫిబ్రవరి 20, ఆదివారం

గీడా,

ఎనిమిది వాక్యాలు. మిగతాదంతా నువ్వు రాసింది నిజమే.

కూర్చుని చదువు.

1972 మే నెల మొదటి రెండు వారాలూ నేను ఆఫీసులో లేను. మా చెల్లెలి పెళ్లికి క్రిస్టియాన్‌సాండ్ వెళ్లాను. ఆ రోజుల్లోనే బావిలో చమురు కనబడింది. ఓడ మీద శుభ్రమైన గాజు పాత్ర దొరక్క, స్వెర్రె ఇచ్చిన ఖాళీ హెర్రింగ్ ఊరగాయ సీసాలో పట్టి డైరెక్టరు గారికి పంపారు. ఆయన దాన్ని బీరువా పైన పెట్టారు. చీటీ అంటించలేదు. నాకెవరూ చెప్పలేదు. పనిలో చేరి రెండేళ్లయినా టైపిస్టుకి ఎవరు చెబుతారు?

మే 15న నేను తిరిగి వచ్చాను. జాతీయ దినోత్సవానికి రెండు రోజుల ముందు. ఆ వారం మన దేశంలో ఏ మెట్టూ, ఏ కిటికీ కడగకుండా మిగలదని నీకు తెలుసు. ఫ్యాక్టరీ వాళ్లంతా కలిసి, కూలి లేకుండా చేసే దుగ్నాడ్ పెట్టుకున్నారు. మగవాళ్లు పెరడు ఊడ్చారు, ఆడవాళ్లు కింద అంతస్తు కడిగారు, పై అంతస్తు నాకు వచ్చింది. నా దినచర్య పుస్తకం ముందుంచుకునే రాస్తున్నాను: "కిటికీలు 14. కర్టెన్లు 6 జతలు. బల్లలు 5. సిరాబుడ్లు 3. పాడైపోయిన హెర్రింగ్ సీసా 1, పారబోసి కడిగాను."

నల్లగా ఉంది. కంపు కొడుతోంది. హెర్రింగ్ సీసాలో నల్లటి కంపు ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? ముక్కు మూసుకుని పెరట్లోని కాలువలో పోసేశాను. గ్రీన్ సోప్‌తో, వేడి నీళ్లతో రెండుసార్లు తోమాను. ఆరబెట్టాను. ఇంత జిడ్డు పెట్టారేమిటి అని స్వెర్రెని తిట్టుకున్నాను కూడా.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి డైరెక్టరు గారు వచ్చారు.

"ఏమ్మా బోర్గ్‌హిల్డ్, బీరువా మీది సీసా ఏదీ?"

"కడిగేశానండీ."

"కడిగావా?"

"రెండుసార్లు. మూతకి ఇంకా కాస్త వాసన ఉంది, సాయంత్రం మళ్లీ తోముతాను."

ఆయన గడియారం చూసుకున్నారు. ఓస్లో నుంచి ప్రభుత్వ పెద్ద ఒకాయన పన్నెండింటికి వస్తున్నాడని, తొలి చమురు కళ్లారా చూశాకే మన అనుమతి పొడిగిస్తాడని అప్పుడు చెప్పారు. బావిలోంచి అప్పటికే ఉప్పు నీళ్లు తప్ప ఏమీ రావడం లేదు. నేను ఏడ్చాను. జీవితంలో ఆఫీసులో ఏడ్చింది ఆ ఒక్కసారే.

డ్యూయీ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. తన గదికి వెళ్లి ఒక విస్కీ సీసా పట్టుకొచ్చాడు. అందులో విస్కీ లేదు. ఆయన తాత టెక్సాస్‌లో తవ్విన మొదటి బావి చమురు, ఎక్కడికి వెళ్లినా అదృష్టం కోసం వెంట తెచ్చుకునేవాడు.

"ఏడవకమ్మాయ్, చమురుకి పాస్‌పోర్టు ఉండదు" అన్నాడు, వచ్చీరాని మన భాషలో. సగం నా శుభ్రమైన సీసాలో పోశాడు.

"ఇది అన్యాయమండీ" అన్నాను డైరెక్టరు గారితో.

"చమురు దొరికిన మాట నిజమే కదా?"

"నిజమే."

"నువ్వు పారబోసిన మాట కూడా నిజమే కదా?"

"నిజమే."

"అయితే ఉన్నదాని స్థానంలో ఉన్నదాన్నే పెట్టాం. ఇందులో అబద్ధమెక్కడుంది? వెళ్లి చీటీ టైపు చెయ్. కింద అరవై మంది పనిచేస్తున్నారు, వాళ్ల పిల్లలకి నువ్వు సోప్‌తో అన్నం పెడతావా?"

చీటీ నేనే టైపు చేశాను. "తొలి చమురు, 1972." ఒక్క అక్షరం తప్పు లేదు.

వచ్చిన పెద్దమనిషి అందులో వేలు ముంచాడు, వాసన చూశాడు, "ఇదీ మన జాతి భవిష్యత్తు వాసన!" అన్నాడు. క్రీమ్ కేకు తిన్నాడు, రెండు ముక్కలు. అనుమతి పొడిగించాడు. ఆ సీసా చూసే జాలర్లూ డబ్బాల ఫ్యాక్టరీ వాళ్లూ వాటాలు కొన్నారు. ఏడేళ్ల తర్వాత, వంద కిలోమీటర్ల అవతల, నిజమైన చమురు నిజంగానే దొరికింది. అప్పుడిక సీసా సంగతి ఎవరడుగుతారు? రీస్‌డాల్ గారు 1991లో పోయారు, డ్యూయీ 2004లో. అప్పటినుంచి ఈ విషయం తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

నీ లెక్క తప్పు కాదు. నీ ప్రొఫెసరు మాటా తప్పు కాదు.

సెప్టెంబరులో నువ్వు ఫోన్ చేసినప్పుడు చెప్పాల్సింది. ఎవరో ముచ్చటపడి తెరుస్తున్నారనుకున్నాను. నిజం చెప్పాల్సిన చోట చేతి తొడుగుల గురించి చెప్పాను. దానికి సాకు లేదు.

బోర్గ్‌హిల్డ్

*

స్టావంగర్
2022 మార్చి 11

అమ్మమ్మా,

మూడు వారాలు జవాబు రాయలేదు. కోపం వచ్చి రాయలేదు. ఇప్పుడూ అది పోలేదు, పోయిందనుకోకు.

ఊళ్లో అందరూ నిన్ను ఏమంటారో తెలుసా? "బోర్గ్‌హిల్డ్ చెప్పిందంటే కొలవక్కర్లేదు" అంటారు. నేను ఆ మాట వింటూ పెరిగాను. సాక్సులు జత తప్పినా నీకు జవాబు చెప్పాల్సి వచ్చేది. ఆ మనిషి నా చేత టెక్సాస్ చమురుకి నార్వేలో తల్లిని వెతికించింది.

యోస్టైన్‌కి నీ ఉత్తరం చూపించాను. రెండుసార్లు చదివాడు. లేచి తలుపు మూశాడు. మా ఆఫీసులో తలుపులు గాజువి, అయినా మూశాడు.

"మీ అమ్మమ్మకి ఎన్నేళ్లు?" అన్నాడు.

"డెబ్బై ఆరు."

"పాపం. ఆ వయసులో జ్ఞాపకాలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి గీడా. మా అమ్మ కారు తాళాలు ఫ్రిజ్‌లో పెడుతుంది."

"మా అమ్మమ్మ 1972లో ఎన్ని కర్టెన్లు ఉతికిందో చెప్పగలదు."

"అదే కదా నేననేది! ఎవరికి గుర్తుంటాయి అవి?"

తవ్వడం ఆపుదామన్నాను. ఆయన చాలా ఓపిగ్గా వివరించాడు. తవ్వి ఏమీ దొరక్కపోతే ఖర్చులో వందకి డెబ్బై ఎనిమిది వంతులు ప్రభుత్వమే తిరిగి ఇస్తుందట. "ఎండిన బావి మనకి పెద్ద ఖరీదు కాదు. ఆగిపోయిన బావి ఖరీదు. షేరు పడిపోతుంది, ఉత్సవం పాడవుతుంది, చొక్కాలు కూడా వచ్చేశాయి" అన్నాడు. తర్వాత ఒక కాగితం ఇచ్చాడు. సంతకాల రోజున మిగతా వాటితో పాటు దీని మీదా సంతకం పెట్టాలట. "ఈ సీసా 1972 నుంచి సంస్థ అధీనంలోనే ఉన్నదని, మార్చబడలేదని ధ్రువీకరిస్తున్నాను."

"ఇది అబద్ధం కదా?" అన్నాను.

"ఎక్కడ? సీసా మార్చారా? అదే సీసా. చమురు అన్న మాట ఇందులో ఎక్కడైనా ఉందా? మన న్యాయవాదులు రెండు రోజులు కూర్చుని రాశారు."

నేను సంతకం పెట్టకపోతే పక్క గదిలో ఇంకొకరు పెడతారు. నన్ను సముద్రంలోని పాత ప్లాట్‌ఫారాల రంగుల కమిటీలో వేస్తారు, మర్యాదగా, కేకు కోసి మరీ. పెడితే నా సంతకంతో ఆ బావి తవ్వుతారు, అందులో ఏమీ లేదని నాకు ముందే తెలుసు. నేను కనిపెట్టిన ఒకే ఒక్క విషయం నీ గ్రీన్ సోప్.

ఏం చేయాలో చెప్పమని అడగడం లేదు. నువ్వు చెప్పగల స్థితిలో లేవు. నువ్వు చేసిన పని ఎంత దూరం వచ్చిందో తెలియాలని రాస్తున్నాను.

గీడా

*

ఎగర్సుండ్
2022 ఏప్రిల్ 25, సోమవారం

గీడాకు,

నీ మార్చి 11 ఉత్తరానికి ఇది జవాబు. ఆలస్యానికి కారణం ఉంది, కింద రాస్తాను.

నువ్వన్నది నిజం. నేను చెప్పగల స్థితిలో లేను. అందుకే చెప్పకుండా చేశాను.

నీ యోస్టైన్ నా జ్ఞాపకశక్తిని శంకించాడు. దాని మీద నాకు రెండు రోజులు కోపం వచ్చింది, మూడో రోజు ఉపయోగం కనబడింది. జ్ఞాపకానికి విలువ లేదంటే వస్తువు చూపించాలి. డ్యూయీ సగమే పోశాడని రాశాను కదా. మిగతా సగం ఏమైంది? ఆయన కూతురు లొరీన్ టెక్సాస్‌లో ఉంది. క్రిస్మస్ కార్డులు ఇచ్చిపుచ్చుకుంటాం. ఆమెకి రాశాను. ఆమె తండ్రి విస్కీ సీసాని ఇప్పటికీ టీవీ పక్కన పెట్టుకుంది. రెండు చెంచాలు చిన్న సీసాలో పోసి, మూడు జతల మేజోళ్లు చుట్టి పంపింది. కస్టమ్స్ కాగితం మీద "ముత్తాత నూనె, అమ్మకానికి కాదు" అని రాసింది. నాలుగు రోజులు ఆపారు. నేను స్వయంగా వెళ్లి, అందులో మాదకద్రవ్యాలు లేవని, కంపెనీ చరిత్ర ఉందని చెప్పాను. అధికారి చిన్నవాడు, భయపడి ఇచ్చేశాడు.

దాన్ని రైల్లో, బస్సుల్లో బెర్గెన్ తీసుకెళ్లి మీ ప్రొఫెసరు చేతికిచ్చాను. రానూ పోనూ రెండు రోజులు. శుక్రవారం ఆవిడ ఫలితం పంపింది. రెండూ ఒకటే చమురు. "తేడా లేదు" అని కింద గీత గీసి సంతకం చేసింది.

శనివారం నేను ఐదు రిజిస్టర్ ఉత్తరాలు పంపాను. ఒకటి యోస్టైన్‌కి, ఒకటి మీ డైరెక్టర్ల సంఘానికి, రెండు ఆ బావిలో భాగస్వాములైన కంపెనీలకి, ఒకటి బావులకి అనుమతి ఇచ్చే కార్యాలయానికి. ఒక్కొక్కదానిలో నా వాంగ్మూలం, దినచర్య పుస్తకంలోని మే 15 పేజీ నకలు, బెర్గెన్ ఫలితం ఉన్నాయి. ఇద్దరు సాక్షులు సంతకం చేశారు. ఒకరు పాస్టరు, ఒకరు ఇంగెబోర్గ్. పాస్టరు చదివి గుట్టుగా ఉంచాడు, ఇంగెబోర్గ్ ఉంచలేదు. ఈపాటికి ఊరంతా తెలిసి ఉంటుంది. ఇకమీదట బోర్గ్‌హిల్డ్ చెప్పింది కూడా కొలుస్తారు. కొలవాలి.

ఉత్తరాలు చేరేదాకా ఆగకుండా, ఆ రోజే ప్రొఫెసరు ఒక భాగస్వామికి ఫోన్ చేసి చెప్పిందట. ఈ ఉదయం ఎనిమిదింటికల్లా ఇద్దరు భాగస్వాములూ తప్పుకున్నారు. ఎనిమిదిన్నరకి యోస్టైన్ ఫోన్ చేశాడు.

"అమ్మా, మీరు యాభయ్యేళ్ల చరిత్రని పాడుచేశారు."

"లేదు నాయనా. ఒక పేజీ కలిపాను."

"తవ్వడం ఆగిపోయింది, తెలుసా?"

"అందుకే రాశాను."

"గీడా భవిష్యత్తు గురించి ఆలోచించారా?"

 ఆలోచించాను గీడా. నిన్ను అడగకుండానే చేశాను, ఎందుకంటే అడిగితే నువ్వు ఆయనకీ నాకూ మధ్య ఎవరో ఒకరిని ఎంచుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఎంచుకోనక్కర్లేదు. కోపం నా ఒక్కదాని మీద పెట్టుకుంటే సరిపోతుంది. నా వాంగ్మూలంలో నీ గురించి ఒకే వాక్యం ఉంది: "ఫిబ్రవరి 20 వరకు నా మనవరాలికి ఏమీ తెలియదు, తెలిసిన తర్వాత తవ్వడం ఆపమని అడిగింది ఆమె ఒక్కతే." ఆ అధిపతి గది నీకు రాకపోవచ్చు. వస్తే నా వల్ల కాదు, రాకపోతే నా వల్లే. ఇది నేను వేరే మాటల్లో చెప్పి తేలిక చేయను.

ఒకటి మాత్రం నువ్వు తప్పు రాశావు. నువ్వు కనిపెట్టింది గ్రీన్ సోప్ కాదు. ఈ చమురు మన సముద్రానిది కాదని కనిపెట్టావు. ప్రభుత్వ పెద్ద వేలు ముంచి కనిపెట్టలేనిది, యాభయ్యేళ్లు దాని ముందునుంచి నడిచినవాళ్లెవరూ కనిపెట్టలేనిది, ఒక్క చెంచాడుతో కనిపెట్టావు. అబద్ధమాడింది చీటీ. దాన్ని టైపు చేసింది నేను.

ఇక జరగవలసినవి:

1. ఏప్రిల్ 29న నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఇప్పుడది ఎవరికీ అక్కర్లేదు. అయినా ఫైలు నిండాలని పెట్టమంటారు. పెట్టకు.

2. టెక్సాస్ చమురుని గుర్తుపట్టిన పద్ధతి గురించి ప్రొఫెసరు ఒక వ్యాసం వేయాలనుకుంటోంది. మొదటి పేరు నీది ఉండాలని ఆవిడే అంది, నేను అడగలేదు. మే 6లోగా ఆవిడకి ఫోన్ చెయ్.

3. సముద్రంలో ఆ చోటుకి నా పేరు తీసేయాలి.

4. సీసా చీటీ మార్చాలి. "1972 మే 16. టెక్సాస్ చమురు. డ్యూయీ ప్రూయిట్ ఇచ్చినది." కొత్త చీటీ టైపు చేసి ఇందులో పెట్టాను. అంటించేటప్పుడు వంకర రాకూడదు.

5. చరిత్ర పుస్తకంలో డ్యూయీకి ఒక పేజీ ఇవ్వాలి. మిగతా తప్పుల జాబితా విడిగా పంపాను. నూట అరవై పేజీలూ పూర్తయ్యాయి, మొత్తం రెండు వందల నాలుగు.

6. జూన్ ఉత్సవంలో నేను మాట్లాడతాను. ఆహ్వానం వెనక్కి తీసుకోదలిస్తే రాతపూర్వకంగా తీసుకోవాలి, కారణం చూపాలి.

7. నా మీద నీ కోపం ఎంతకాలం ఉండాలో నువ్వే నిర్ణయించు. తక్కువ వేయకు, నేను బేరమాడను. నిర్ణయించాక అది ముగిసే తేదీ రాసి పంపు. ఆ రోజు నిన్ను ఇంటికి తీసుకురావడానికి నేను స్టేషన్‌కి వస్తాను.

అమ్మమ్మ